లేతు కింద బల్ల

పగలంతా తెర ముందు కూర్చుని, సాయంత్రం "ఇవాళ ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో ఏమీ ఉండని ఉద్యోగం నాది. అందుకే నలభై దాటాక నాకు చెక్క పిచ్చి పట్టింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముతుంటే, చెక్క తిప్పే చిన్న లేతు ఒకటి కొన్నాను. ఎంతకి కొన్నానో ఇక్కడ రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది.

మా అమ్మమ్మ ఉండుంటే దాన్ని తరిమెన అనేది. తరిమెన పట్టిన మంచం కోళ్ళంటే ఆవిడకి మహా గొప్ప. నా చిన్నప్పటి లక్కపిడతలు కూడా అలా పుట్టినవే. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పుతూ, ఆ తిరుగుడు వేడికే లక్క కరిగించి రంగు పట్టిస్తారు. మనం కూడా అలా ఏదో చేసేద్దామని నా ధైర్యం.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. ఇక్కడ యాష్ చెట్టు కర్రకి కరువు లేదు. 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక పచ్చపురుగుని కనిపెట్టారు. అది యాష్ చెట్లని కోట్ల లెక్కన చంపేసింది. (అదీ ఆసియా నుంచి వలస వచ్చిందేట. నేనేమీ అనను.) పురుగు బెరడు కింద పొరనే తింటుంది కాబట్టి లోపలి కర్ర శుభ్రంగా ఉంటుంది. మా వీధిలో ఒకాయన చెట్టు కొట్టించి దుంగలు రోడ్డు పక్కన పడేస్తే, నేను కారు నిండా వేసుకొచ్చాను.

లేతుని ఎక్కడ పెట్టాలి? పాత కంప్యూటర్ బల్ల ఒకటి గరాజ్‌లో పడుంది. దాని మీద పెట్టాను. ముందు సన్న కర్ర ఒకటి తిప్పాను, బాగానే ఉంది. తరవాత 10 అంగుళాల యాష్ ముక్క బిగించి, వేగం తగ్గించడం మర్చిపోయి స్విచ్ వేశాను. బల్ల నడిచింది. అతిశయోక్తి కాదు, గోడ దగ్గర్నుంచి అడుగు దూరం నడిచింది. నేను స్విచ్ అందుకునేలోపు ముక్క ఊడి, నా చెవి పక్కనుంచి వెళ్ళి కారు వెనక లైటు పగలగొట్టింది.

మా ఆవిడ వచ్చి లైటు చూసింది, నన్ను చూసింది. "బల్లయినా మారాలి, లేతయినా పోవాలి" అని లోపలికెళ్ళిపోయింది.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. చెక్కలో ఒక పక్క 100 గ్రాములు ఎక్కువుందనుకుందాం, కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో. నిమిషానికి 800 చుట్లు తిరిగితే అది బల్లని 7 కిలోల బరువుతో లాగుతుంది. ముందుకీ వెనక్కీ, సెకనుకి 13 సార్లు. వేగం రెట్టింపు చేసి 1600 చేస్తే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 28 కిలోలు. ఆ బల్ల పాపం కీబోర్డు మొయ్యడానికి పుట్టింది.

సరిగ్గా అప్పుడే అమ్మా నాన్నా వచ్చారు, ఆర్నెల్ల వీసా మీద. మా నాన్న విశాఖపట్నంలో ఒక వర్క్‌షాపులో 31 ఏళ్ళు టర్నరుగా చేశాడు. ఇనుప లేతు. అయినా ఆయనకి ఈ సంగతి ఫోన్లో చెప్పలేదు నేను. ఎందుకంటే పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేరతానని నేనంటే, నెల రోజులు నాతో మాట్లాడని మనిషి ఆయన. "నా కొడుకు చల్లటి గదిలో కుర్చీలో కూర్చుని పని చెయ్యాల" అనేవాడు. తన పని అంటే ఆయనకి చిన్నతనమని నేననుకునేవాణ్ణి. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

వచ్చిన మూడో రోజు పొద్దున్నే గరాజ్‌లోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. లేతు మీద చెయ్యేసి నిలబడున్నాడు.

"ఏట్రా ఇది, దీనికి పునాదేది?"

"చెక్క లేతే కదా నాన్నా..."

"చెక్కయితే? తిరిగేదానికి పునాదైనా ఉండాల, బరువైనా ఉండాల. రెండూ లేకపోతే నీ పళ్ళుండవు."

పునాది అంటే గచ్చుకి రంధ్రాలు వేసి బోల్టులు దించడం. దానికి మా ఆవిడ ఒప్పుకోలేదు, రేపు ఇల్లు అమ్మాలంటే ఎలా అంది. కాబట్టి బరువే గతి.

మొదట ఎత్తు. లేతు తిరిగే మధ్య గీత మనిషి మోచేతి ఎత్తుకి రావాలి. ఇంకా కిందికుంటే నడుం పోతుంది, పైకుంటే భుజాలు పోతాయి. జోళ్ళు వేసుకుని నిలబడితే నా మోచెయ్యి 42 అంగుళాలు. లేతు అడుగు నుంచి దాని మధ్య గీత 13. అంటే బల్ల 29. నాన్న మోచెయ్యి 39 దగ్గరే ఉంది. "నీ కొలతకే చేద్దాం" అంటే "నేను ఆర్నెల్లకి పోయేవాణ్ణి, నీ కొలతకే పెట్టు" అన్నాడు.

తరవాత కాళ్ళు. నేను నిటారుగా నాలుగు గుంజలు పాతేద్దామనుకున్నాను. నాన్న పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి "తొయ్యరా" అన్నాడు. తోస్తే తూలాడు. సిటీ బస్సులో నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి మళ్ళీ తొయ్యమన్నాడు. ఈసారి కదల్లేదు. తిరిగే చెక్క లాగేది ముందుకీ వెనక్కే కాబట్టి కాళ్ళు ఎడంగా ఉండాల్సిందీ అటే. పైన 18 అంగుళాల వెడల్పు, నేల దగ్గర 28. ఒక్కో కాలు సుమారు 10 డిగ్రీల వాలు. నేను ఆ కోణం ఫోన్లో లెక్క వేసే లోపల ఆయన మా అమ్మాయి రంగు సుద్దలు తీసుకుని, గచ్చు మీద బల్ల బొమ్మ అసలు సైజులో గీసేశాడు. కాళ్ళని ఆ గీతల మీద పడుకోబెట్టి పెన్సిల్‌తో గుర్తు పెట్టడమే. తప్పు పోలేదు.

(ఇక్కడ ఫోర్ బై ఫోర్ అని అమ్మే గుంజ నిజానికి మూడున్నర అంగుళాలే ఉంటుంది. నాన్న టేపు పెట్టి చూసి "అమెరికాలో కూడానా!" అని తెగ సంతోషపడ్డాడు.)

పైపలకకి ముప్పావు అంగుళం ప్లైవుడ్ మూడు పొరలు జిగురు పెట్టి అతికించాం. అన్ని అతుకులకీ అరంగుళం బోల్టులు. నేను స్క్రూలు తెచ్చాను గానీ ఆయన పక్కన పెట్టేశాడు. స్క్రూ వదులైందంటే కర్రని కొరికేసినట్టే, బోల్టయితే మళ్ళీ బిగించుకోవచ్చు అని.

ఆ బోల్టులు బిగిస్తున్న రోజునే చెప్పాడు. నేను కింద దూరి పానా తిప్పుతున్నాను, ఆయన పైనుంచి బోల్టు తలలు పట్టుకున్నాడు. ఎడమచేతి ఉంగరం వేలికి పై కణుపు లేదు ఆయనకి. తలుపు సందులో పడిందని చిన్నప్పుడు మాకు చెప్పారు.

"తలుపు కాదురా" అన్నాడు. 1988లో ఆయన మెషీనుకి పునాది బోల్టు ఒకటి వదులైంది. మూడు సార్లు చెప్పాడట, రేపు చూద్దాం అన్నారు. ఓ రోజు బిగించిన రాడ్డు ఎగిరింది. ఎనిమిదో రోజున మళ్ళీ అదే మెషీను మీద డ్యూటీ. బోల్టు ఇంకా అలాగే ఉంది.

నేను పానా ఆపేశాను. "ఐటీఐ అప్పుడు ఈ మాట చెప్పొచ్చు కదా నాన్నా."

"చెప్తే నువ్వు రోజూ నా దారి చూసుకుంటూ కూర్చునేవోడివి. తిప్పు తిప్పు, ఇంకా అరచుట్టు వస్తాది."

ఇంకేమీ అడగలేదు నేను. అమ్మ కాఫీ తెచ్చింది.

గరాజ్ గచ్చు తలుపు వైపుకి వాలుగా ఉంటుంది, మంచు నీళ్ళు బయటికి పోవడానికి. అందుకని బల్ల నిలబెట్టి, పైన రసమట్టం పెట్టి, ఎత్తు కాళ్ళు రెండూ ఆ వాలుకి సరిపడా కోశాం. కింది అరలో 50 పౌండ్ల ఇసక బస్తాలు ఆరు పేర్చాం. ఇసక బరువే కాదు, రేణువులు ఒకదానికొకటి రాసుకుని అదురుని తినేస్తాయి కూడా.

మళ్ళీ ఆ 10 అంగుళాల ముక్కనే బిగించాం. ఈసారి 600 చుట్లు. ఆ సైజుకి 600 నుంచి 900 లోపే తిప్పాలి. నన్ను మొహానికి షీల్డు వేసుకోమని, పక్కకి నిలబడమని, తనేమో లోపలికెళ్ళి లుంగీ మార్చి ప్యాంటు వేసుకొచ్చాడు. మూలలు తీసి గుండ్రం చేశాక, పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి తిరుగుతున్న లేతు తల మీద అంచున నిలబెట్టాడు. అది నిలబడే ఉంది.

ఉలి మాత్రం ఆయనకి కొత్త. ఇనుప లేతులో పనిముట్టుని బిగిస్తారు, ఇక్కడ చేత్తో పట్టుకోవాలి. "చేత్తోనా? మా దగ్గరయితే సస్పెండు చేస్తారు" అన్నాడు. రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు ఎత్తు సరిపోక చెక్కపలక మీద నిలబడి, మా అమ్మాయికి బొంగరం చేశాడు. కొంచెం వంకర. తిరుగుతుంది.

అక్టోబరులో వెళ్ళిపోయారు. జనవరిలో ఓ ఆదివారం ఫోన్ చేశాడు. హీటరు వేడికి కర్ర ఎండి సన్నబడుతుందని, బోల్టులు చూడమని వెళ్ళేముందే చెప్పాడు. నేను మర్చిపోయాను.

"నట్లు బిగించావా?"

"రేపు చూస్తాను నాన్నా" అన్నాను. అవతల ఏమీ మాట్లాడలేదు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గరాజ్‌లోకెళ్ళి, కింద దూరి, పానా పెట్టాను. మొత్తం పదహారు. ఒక్కొక్కటీ పావు చుట్టు వచ్చింది. పదహారూ అయ్యేదాకా ఆయన లైన్లోనే ఉన్నాడు.