కారుకి కారవాన్ కట్టే ముందు

నెల్లిమర్ల అంటే జూట్ మిల్లు, చంపావతి నది, పక్కనే రామతీర్థం. నాకు మాత్రం తాతయ్య ఎడ్లబండి కూడా. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడలు బిగుసుకుంటాయి, ముందు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. అందుకే ధాన్యం బస్తాలు ఇరుసు మీదుగా సర్ది, కాస్త బరువు ముందుకి ఉంచేవారు.

కారవాన్‌కీ అదే సూత్రం. సామానుతో నిండిన కారవాన్ బరువు, ఖాళీ కారు బరువులో 85 శాతం దాటకపోతే మంచిదని బ్రిటన్‌లో కొత్తవాళ్లకి చెబుతారు. కారు 1,200 కిలోలుంటే 1,020 కిలోలన్నమాట. కారు కంపెనీ చెప్పిన పరిమితి అంతకన్నా తక్కువుంటే, దాన్నే పాటించాలి. కొక్కెం మీద పడే బరువు కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. బియ్యం, నీళ్ల క్యాన్లు ఇరుసు దగ్గర, కిందనే పెట్టాలి. వెనక్కి తోస్తే కారవాన్ పాములా ఊగుతుంది. అప్పుడు కంగారుగా బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి.

రామతీర్థం కొండల కింద పిల్లలతో ఓ రాత్రి గడపాలన్న ముచ్చట మంచిదే. కానీ మన కారు ఇంత బరువుని లాగుతుందా అని కాదు, ఆపగలదా అని ముందు చూసుకోండి.