ఆకులు రాలినా చెట్టు బతికే ఉంది

కుండీలో పెంచే ఫైకస్ బెంజమినా మన మర్రికీ, రావికీ, మేడికీ దగ్గరి చుట్టం. చోటు మారితే చాలు, ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. మా హాల్లోది కిటికీ పక్కకు జరిపాక అలాగే రాల్చింది. కొమ్మ మీద గోటితో కాస్త గీకి చూశాను. లోపల పచ్చగా ఉంది, తెల్లటి పాలు చుక్క కట్టాయి. ప్రాణం ఉందన్నమాట! ఇప్పుడు కణుపుల దగ్గర లేత చిగుళ్లు వస్తున్నాయి.

ఆకులు రాలుతున్నాయని కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి, వేళ్లు కుళ్లిపోతాయి. పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే పోయండి. ఆకుల మీది దుమ్ము తడిగుడ్డతో తుడవండి. ఆ పాలు ఒంటికి పడవు, పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ దూరంగా ఉంచండి. వెలుతురు బాగా వచ్చే చోట పెట్టి, ఇక కదపకండి. మోడులా కనిపించిందని మాత్రం దయచేసి పారేయకండి.