మిర్చి లారీ, పది మార్కుల ప్రశ్న

సంచికకు ఏదైనా రాసిమ్మని మిత్రులు వెంటపడ్డారు. కవిత్వం నాకు చేతగాదు గనుక నా పరాభవమొకటి రాస్తున్నాను.

మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఎండుమిర్చి వ్యాపారం. ఆఫీసులో ఆరు కంప్యూటర్లు, వాటికి పెద్దదిక్కుగా ఓ సర్వరు, బయటి గుమ్మంలో కాపలాకు ఫైర్‌వాల్. మొన్న మార్చిలో ఓ సాయంత్రం తేజ రకం టిక్కీలు ఎక్కించుకున్న లారీ గేటు దగ్గరే ఆగిపోయింది. ఈ-వే బిల్లు పేజీ తెరుచుకోవడం లేదు. యాభై వేలు దాటిన సరుకు ఆ బిల్లు లేకుండా కదలరాదన్నది 2018 నుంచీ ఉన్న నిబంధన. చిత్రమేమంటే, బ్యాంకు పేజీ మాత్రం వస్తోంది. తప్పు సర్కారుదేనని గుమాస్తా తేల్చేశాడు.

"నువ్వు చదివేది ఇదేగదరా, చూడు" అన్నాడు బాబాయి.

8.8.8.8 అని అంకెలతో పిలిస్తే పలుకుతోంది, పేరుతో పిలిస్తే లేదు. అంటే దారి ఉంది, చిరునామా చెప్పేవాడే లేడు. బ్యాంకు పేరు సర్వరుకు ఇంకా జ్ఞాపకముంది, అంతే.

1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన ఈ డి.ఎన్.ఎస్. మీద పరీక్షలో పది మార్కులకు నాలుగు పేజీలు నింపినవాణ్ణి! మా సర్వరు తనకు తెలియని పేర్లను ఫార్వర్డరు అనే పైవాణ్ణి అడుగుతుంది, కిళ్లీకొట్టువాడు పోస్టుమాన్‌ని అడిగినట్టు. ఎన్ఎస్‌లుకప్‌తో ఆ పైవాణ్ణే నేరుగా అడిగితే 'చెప్పను' అన్నాడు. తీరా చూస్తే వాడు పాత ఇంటర్నెట్ కంపెనీవాడు. కొత్త కనెక్షన్ వచ్చి నెలైనా పాత లైను పక్కనే బతికుండబట్టి ఇన్నాళ్లూ జరిగిపోయింది. దాని గడువు ఆ ఉదయమే తీరింది. తన వార్డు కానివాళ్లకు పోస్టుమాన్ ఎందుకు చెబుతాడు?

కొత్త కంపెనీ అంకెలు పెట్టాను. ఊహూఁ. ఈసారి 'చెప్పను' అనే మాట కూడా లేదు, ఒట్టి మౌనం. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నాకు చెమటలు.

అరగంటకు గాని బుర్రకెక్కలేదు. కాదన్నాడంటే ప్రశ్న వాడిదాకా వెళ్లినట్టే; మౌనమంటే బహుశా గుమ్మంలోనే ఆగినట్టు. ఫైర్‌వాల్ తెరిచి చూస్తే 53వ పోర్టుకు అనుమతి పాత కంపెనీ చిరునామాలకే ఉంది. కొత్తవి చేర్చాను, యు.డి.పి.తో పాటు టి.సి.పి.కీ, పెద్ద జవాబులకు అది కూడా కావాలి. బిల్లు వచ్చింది. లారీ చెన్నై దారి పట్టేసరికి తొమ్మిదిన్నర.

బాబాయి సంబరంగా బిరియానీ తెప్పించాడు. "ఇంతకీ ఆ పాత అంకెలు ఏ తలకాయలేనివాడు పెట్టాడ్రా?" అనడిగాడు. రెండేళ్ల కిందట సెలవుల్లో వచ్చి, అవి పెట్టి, ఎక్కడా ఒక ముక్క రాసిపెట్టకుండా పోయింది నేనే. ముద్ద నోట్లో ఉందిగనుక జవాబు చెప్పలేదు. ఈ సంచిక ఆయన చదవడని నా ధైర్యం.