రాలని జుట్టు

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. కుక్కపిల్ల కావాలని పట్టుబట్టినప్పుడు డాక్టరు ఒకటే చెప్పారు. జుట్టు రాలని జాతి అయినంత మాత్రాన ఎలర్జీ రాదనుకోవద్దు, కుక్క ఉమ్మిలోనూ చర్మం మీది పొట్టులోనూ ఎలర్జీ తెప్పించే పదార్థం ఉంటుంది, ముందు తెలిసినవాళ్ళ కుక్కతో కొన్నాళ్ళు గడిపి చూడండి అని. అలాగే చూశాం. అమ్మాయికి ఆయాసం రాలేదు. టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంటికి చిట్టి అలా వచ్చింది. బిషాన్ ఫ్రీజే జాతి ఆడపిల్ల, ఒళ్ళంతా తెల్లటి ఉంగరాల జుట్టు.

అమెరికాలో ఈ జాతికి మరీ పాత చరిత్రేం లేదు. 1956లో ఫ్రాన్సు నుంచి వచ్చిన పికో దంపతులు తమ కుక్కల్ని వెంటబెట్టుకొచ్చారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1972లో దీన్ని గుర్తించింది. 2018లో వెస్ట్‌మిన్‌స్టర్ కుక్కల పోటీలో ఫ్లిన్ అనే బిషాన్ గెలిచినప్పుడు, ఆ గుండ్రటి తల చూసి ముచ్చటపడనివాళ్ళు లేరు. ఆ గుండ్రం వెనక చాకిరీ ఎంతో దువ్వెన పట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

జుట్టు రాలదంటే ఊడదని కాదు. ఊడిన వెంట్రుక నేల మీద పడకుండా ఉంగరాల్లోనే చిక్కుకుపోతుంది. పైపైన బ్రష్ ఆడిస్తే దూదిలా పొంగుతుంది కానీ, అడుగున చర్మాన్ని అంటుకుని ఉండలు కడుతూనే ఉంటుంది. అందుకని రోజూ రాత్రి చిట్టిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో జుట్టు పైకెత్తి, పాయ పాయగా చర్మం కనిపించేదాకా విడదీసి, స్టీలు దువ్వెనతో కుదురు నుంచి దువ్వేదాన్ని. చెవుల వెనక, చంకల్లో, పట్టీ రాసుకునే చోట చిక్కు ఎక్కువ. అక్కడ కుదురు దగ్గర వేళ్ళతో గట్టిగా పట్టుకుని చివర్ల నుంచి విప్పితే నొప్పి తెలియదు. చిక్కు విప్పకుండా స్నానం చేయిస్తే తడికి అది మరింత బిగుసుకుంటుంది, ఇక కత్తిరించడమే దారి. నెలకోసారి గ్రూమర్ దగ్గర కత్తిరింపు ఎలాగూ తప్పదు. ఎండాకాలమని నున్నగా గొరిగించడం మాత్రం వద్దు, లేత చర్మం ఎండకి కమిలిపోతుంది.

ఒక ఏడాది అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. మడి, ఆచారం ఉన్న మనిషి. కుక్క వంటింట్లో అడుగు పెట్టకూడదని వచ్చిన రోజే చెప్పేశారు. ఆ కట్టడి చిట్టికే మేలు చేసిందని నా నమ్మకం. సాంబారులో ఉల్లిపాయ, పోపులో వెల్లుల్లి, పాయసంలో కిస్‌మిస్ అన్నీ కుక్కలకి విషమే.

అయినా దాని జబ్బు ముందు కనిపెట్టింది ఆవిడే. పొద్దున్నే పెరట్లో తులసికుండీకి నీళ్ళు పోస్తూ చిట్టిని చూస్తూ ఉండేవారు. ఒకరోజు లోపలికి వచ్చి, "అమ్మాయ్, అది నాలుగడుగులకోసారి ఒంటేలుకి కూర్చుంటోంది, చుక్క కూడా రావట్లేదు. మీ మామయ్యకి రాయి వచ్చినప్పుడు ఇదే అవస్థ" అన్నారు. నేను వెళ్ళి గడ్డి మీద తెల్లకాగితం వేసి పట్టి చూశాను. లేత ఎరుపు మరక.

పశువుల డాక్టరు తీయించిన ఎక్స్‌రేలో మూత్రాశయం నిండా తెల్లటి గింజలు. ఈ జాతికి రాళ్ళ బెడద ఎక్కువేనట. స్ట్రువైట్ రాళ్ళయితే తిండి మార్చి కరిగించవచ్చు, ఆక్సలేట్ రాళ్ళు కరగవు, బయటికి తీయాల్సిందే. ఆపరేషన్ చేసి తీసిన రాళ్ళను పరీక్షకి పంపితే ఆక్సలేట్ అనే తేలింది. నేను రోజూ అంత శ్రద్ధగా దువ్విన పొట్ట మీద జుట్టంతా గొరిగేశారు. గులాబీరంగు చర్మం మీద నల్లదారపు కుట్లు చూసి మా అమ్మాయి భోరున ఏడ్చింది. ఆ రాత్రి కుట్లు నాకకుండా చిట్టి మెడకి ప్లాస్టిక్ గరాటు కట్టి ఉంటే, పడుకోలేక గోడలకి గుద్దుకుంటుంటే, అత్తయ్య దాని పక్కనే చాప పరుచుకుని పడుకున్నారు. పొద్దున లేచి తలస్నానం చేసి, కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకెళ్ళమన్నారు. ఎవరి కోసమని నేను అడగలేదు.

డాక్టరు రాసిచ్చిన కాగితం అత్తయ్య నా చేత చదివించుకున్నారు. పాలకూర వద్దు, మందు తిండి తప్ప బయటివేవీ పెట్టొద్దు, నీళ్ళు ఎంత తాగితే అంత మంచిది. "గుంటూరులో డాక్టరు మీ మామయ్యకీ ఇదే చెప్పాడు" అన్నారు. అప్పటినుంచి డబ్బా తిండిలో గోరువెచ్చని నీళ్ళు కలిపి జారుగా చేసి పెట్టే పని ఆవిడదే. గిన్నె అడుగు కనిపించేదాకా అక్కడే నిలబడేవారు. జూలై ఎండల్లో తెల్లారకముందే నడకకి తీసుకెళ్తే, వెంట నీళ్ళసీసా పట్టుకుని వచ్చేవారు.

ఈ రాళ్ళు తీసేసినా మళ్ళీ వస్తుంటాయి, అందుకని కొన్ని నెలలకోసారి ఒంటేలు పరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే. మొన్న కూడా శుభ్రంగా వచ్చింది. పొట్ట మీద జుట్టు ఎప్పుడో ఉంగరాలు తిరిగి పెరిగింది, ఇప్పుడు అక్కడా దువ్వాలి. పరీక్ష సంగతి చెబుదామని తెనాలికి ఫోన్ చేస్తే, అత్తయ్య స్పీకరు పెట్టి, "విన్నారా, నీళ్ళు తాగితే ఎలా ఉంటుందో!" అని మామయ్యని కేకేశారు.