వెండి బిళ్ళ మీద జలదేవత

సిసిలీ ఆగ్నేయ తీరాన ఉన్న సిరక్యూజ్ నగరానికి పాత ఊరు ఒర్తీజియా. వంతెన దాటితే చేరే చిన్న ద్వీపం. పడమటి గట్టు వెంట నడుస్తూ రాతి పిట్టగోడ మీంచి కిందికి చూస్తే ఒక కొలను కనిపిస్తుంది. అందులో గుబురుగా పెరిగిన పపైరస్, మన చెరువుల్లో మొలిచే తుంగకు దగ్గరి చుట్టం. దాని నీడన చేపలు, బాతులు. గోడకు అవతల ఉప్పు సముద్రం, ఇవతల భూమిలోంచి ఉబికే ఊట. రాతికట్టే లేకపోతే ఈ ఊటను కెరటాలు ముంచెత్తేవని క్రీ.పూ. 70లోనే రోమన్ వక్త సిసెరో రాశాడు.

ఈ ఊట పేరు అరెథూసా. గ్రీకులకు ఆమె జలదేవత.

వేటదేవత ఆర్టెమిస్ చెలికత్తె అయిన అరెథూసా గ్రీసులో ఆల్ఫియస్ నదిలో స్నానానికి దిగింది. నదీదేవుడు మోహించి వెంటపడ్డాడు. పరుగెత్తి అలసిన ఆమె మొరపెట్టుకుంటే ఆర్టెమిస్ ఆమెను నీరుగా మార్చింది. ఆ నీరు భూమి అడుగున సాగి ఒర్తీజియాలో పైకొచ్చింది. ఆల్ఫియస్ కూడా సముద్రం కిందుగా వచ్చి ఆమెలో కలిశాడంటారు. ఒలింపియా దగ్గర నదిలో పడేసిన గిన్నె ఇక్కడ తేలిందని కూడా చెప్పుకునేవారు. నది సముద్రంలో కలవడం కళ్ళకు కనిపిస్తూనే ఉంది కదా అని భూగోళవేత్త స్ట్రాబో ఆ మాటను కొట్టిపారేశాడు.

ఊట దగ్గర కథ తెలుస్తుంది. ముఖం చూడాలంటే నాణేల దగ్గరికి వెళ్ళాలి. నగరంలోని పావొలో ఓర్సి పురావస్తు మ్యూజియంలో నాణేలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. పెద్ద విగ్రహాలున్న గదులకంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ విభాగమే.

క్రీ.పూ. 413లో దండెత్తి వచ్చిన ఏథెన్స్ సైన్యాన్ని సిరక్యూజ్ చిత్తుగా ఓడించింది. ఆ శతాబ్దం చివరి ఏళ్ళలో ఇక్కడి టంకశాల అద్భుతాలు చేసింది. అచ్చు చెక్కే పనివాడు బొమ్మను లోతుకు, కుడిఎడమలు తారుమారుగా తొలవాలి. కింది అచ్చును దాగలిలో బిగించి, దాని మీద వెండి బిళ్ళ పెట్టి, పై అచ్చు ఆనించి సమ్మెటతో కొడితే రెండు వైపులా ముద్ర పడుతుంది. సుమారు 43 గ్రాముల పది ద్రాక్మాల నాణేలూ అలా పుట్టినవే. వాటి అచ్చులు చెక్కిన యువైనెటోస్, కిమోన్ తమ పేర్లను కూడా చెక్కుకున్నారు. గుళ్ళూ గోపురాలూ కట్టిన వేలమంది శిల్పుల పేర్లు మనకు దక్కలేదు. అరచేతిలో ఇమిడే వెండి మీద మాత్రం ఈ ఇద్దరి పేర్లు మిగిలాయి. చూస్తుంటే ఒళ్ళు పులకరించింది.

యువైనెటోస్ చెక్కిన పక్కముఖం చుట్టూ నాలుగు డాల్ఫిన్లు ఈదుతుంటాయి. ఆమె అరెథూసానా, పాతాళరాణి పెర్సెఫొనీనా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. కిమోన్ నాలుగు ద్రాక్మాల నాణెం మీద ఆ అనుమానానికి తావులేదు. తల పైన అరెథూసా అని గ్రీకు అక్షరాలున్నాయి. ముఖం నేరుగా మనవైపే చూస్తోంది. విరబోసిన కురుల పాయల మధ్యనుంచి డాల్ఫిన్లు దూకుతున్నాయి. నుదుటి పట్టీ మీద కిమోన్ సంతకం. నాణెం మీద ఎదురుముఖం చెక్కడానికి ధైర్యం కావాలి. ముక్కు ఎత్తుగా ఉంటుంది, చేతులు మారేకొద్దీ ముందు అరిగేది అదే. అందుకే పక్కముఖాలు వాడుకకు అనువు. అయినా నా ఓటు కిమోన్‌కే. పారిపోయి వచ్చిన అమ్మాయిని తలవంచకుండా, సూటిగా చూసే నగరదేవతగా నిలబెట్టాడు.

ఆ ముఖం ఊరు దాటిపోయింది. గ్రీసులో లరిస్సా తన జలదేవతను కిమోన్ పోలికల్లోనే ముద్రించింది. ఆసియా మైనర్‌లోని టార్సస్‌లో పర్షియా అధికారులూ దాన్ని అనుసరించారు. సిరక్యూజ్‌కు బద్ధశత్రువైన కార్తేజ్ అయితే యువైనెటోస్ చెక్కిన తలను డాల్ఫిన్లతో సహా తన నాణేల మీదికి తెచ్చుకుంది. 1966లో ఇటలీ ప్రభుత్వం తెచ్చిన 500 లీరాల నోటు మీద కూడా అరెథూసాయే ఉంది.