ఉద్దానంలో ఒక రాత్రి

ఉద్దానం అంటే ఉద్యానమే అంటారు. శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటి సముద్రం వైపు తిరిగితే అన్నీ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఎండ తగలకుండా ఊరినుంచి ఊరికి నడిచిపోవచ్చు ననేవారు. చిన్నతనంలో మేనమామగారింటికి వెళ్ళినప్పుడల్లా నేనూ అలాగే నడిచాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఆ నీడను ఊడ్చుకుపోయింది. వారం తరువాత నేను బస్సు దిగి చూద్దును గదా, ఊరంతా ఆకాశమే! కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడున్నాయి. వాటికి తోడు కరెంటు స్తంభాలు.

"మళ్ళీ మొక్క పెడితే కాపుకు ఎన్నేళ్ళో నీకు తెలీదా? అంతవరకు నేనుంటానా, అల్లుడూ?" అన్నాడు మామయ్య. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు జవాబు దొరకలేదు.

చీకటి పడింది. పెళ్ళిళ్ళకు లైట్లు కట్టే కుర్రవాడొకడు చిన్న జనరేటరు మోసుకొచ్చి వాకిట్లో పెట్టాడు. పక్కన మామయ్య ట్రాక్టరు బ్యాటరీ. ఊళ్ళో ఫోన్లన్నీ మా అరుగుమీదే!

"జనరేటరుకే ఫోన్లు తగిలించరాదూ?" అన్నాను.

"రాత్రంతా ఆడించాలి మాస్టారూ. లోడు తక్కువైనా పెట్రోలు తాగుతాది. నాలుగ్గంటలు చార్జరు నడిపి బ్యాటరీలో దాచుకుంటే, తెల్లార్లూ వాడుకోవచ్చు."

జనరేటరుకే పన్నెండు వోల్టుల సాకెట్టుంది గదా అని నా రెండవ తెలివి ప్రదర్శించాను. అందులో వచ్చే కరెంటు కొద్దిపాటిదట. పైగా బ్యాటరీ నిండినా ఆగదట. మంచి చార్జరైతే నిండగానే తగ్గించుకుంటుంది. లెక్క కూడా చెప్పాడు: పది ఆంపియర్లు, నాలుగు గంటలు, నలభై ఆంపియర్ అవర్లు. దారిలో పోయేది పోగా పాతిక ఫోన్లకు ఢోకా లేదు.

ముందు ఎర్ర క్లిప్పు, తరువాత నల్లది బిగించి, ఆ పైన చార్జరు స్విచ్చి వేశాడు. తీసేటప్పుడు ముందు స్విచ్చి కట్టాలట. బ్యాటరీనుంచి వచ్చే వాయువుకు నిప్పురవ్వ చాలు. ఇంతలో తుంపర మొదలైంది. జనరేటరును వసారాలోకి లాగబోయాను. కుర్రవాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మాస్టారూ! ఆ పొగలో వాసన లేని విషముంటాది. ఇంట్లో పడుకున్నోళ్ళు లేవరు."

దూరంగా నాలుగు కర్రలు పాతి, పైన మాత్రం రేకు కప్పాడు. నేను బుద్ధిగా గొడుగు పట్టుకున్నాను.

పదింటికి జనరేటరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో సముద్రపు హోరు వినిపించింది. బ్యాటరీమీద ఒక చిన్న దీపం, చుట్టూ ఫోన్లు.

"బాబూ, నా ఫోనుకి కూసింత ఎక్కిస్తావేటి?" అని ఒక ముసలమ్మ వచ్చింది. కొడుకు చెన్నపట్నంలో కూలిపని. వారం రోజులుగా తల్లి ఉన్నదో లేదో తెలియదు. అరగంటకు ఫోను కలిసింది. అరుగుమీద అందరూ మాటలాపారు.

"నాను బాగున్నానురా... కొబ్బరంతా పోనాది... పనస? పనస నిలబడిందిరా!"

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "అల్లుడూ, మంచి కొబ్బరి మొక్కలు ఎక్కడ దొరుకుతాయో రేపు కనుక్కో" అన్నాడు.