జైలు చూడబోతే

ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ 1971లో మూతపడిన జైలు. ఇప్పుడు టికెట్టు కొని చూసే మ్యూజియం. ఎడిసన్‌లో ఉండే మా అబ్బాయి "అమెరికా వచ్చి జైలేంటి నాన్నా" అని విసుక్కుంటూనే తీసుకెళ్లాడు. బెంచి క్లర్కుగా రిటైరైనవాణ్ణి, నాకు నయాగరా కన్నా ఇదే ముఖ్యం.

లోపల నడిమధ్య నుంచి బండిచక్రం ఆకుల్లా వరండాలు. జనమంతా గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ ఉన్న గది దగ్గర మూగారు. నేను ఇంకో గదిలోకి తొంగిచూశాను. పెచ్చులూడిన గోడలు, పైకప్పులో వెలుతురు కోసం ఒక కంత. 1829లో దీన్ని తెరిచినవాళ్లు దుర్మార్గులేం కారు. ఒంటరిగా ఉంచి బైబిలు చేతికిస్తే మనిషి తనంతట తానే మారతాడని నమ్మినవాళ్లు. బయటికి తీసినప్పుడు ఖైదీ తలకు ముసుగు కూడా వేసేవారు. 1842లో వచ్చిన నవలాకారుడు చార్లెస్ డికెన్స్, ఈ ఒంటరి నిర్బంధం ఒంటిని హింసించడం కన్నా ఘోరమని రాశాడు.

ఈ ఊళ్లోనే 1953లో జో లిగాన్ అనే పదిహేనేళ్ల కుర్రాడికి యావజ్జీవం పడింది. తోటి కుర్రాళ్లతో కలిసి చేసిన కత్తిపోట్లలో ఇద్దరు చనిపోయారు. పెన్సిల్వేనియాలో అప్పట్లో యావజ్జీవమంటే పెరోల్ ఉండేది కాదు, చచ్చేదాకా జైలే. పిల్లలకు కేసు పూర్వాపరాలు చూడకుండా అలాంటి శిక్ష తప్పనిసరి చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. పాత కేసులకూ అది వర్తిస్తుందని 2016లో తేల్చింది. అప్పటికి ఈ ఒక్క రాష్ట్రంలోనే అలాంటివాళ్లు 500 మందికి పైగా ఉండేవారు. లిగాన్‌కు 2017లో శిక్ష మార్చి, పెరోల్‌కు దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆయన పెట్టుకోలేదు. ఫెడరల్ కోర్టు దాకా వెళ్లి, 2021లో 83 ఏళ్ల వయసులో ఏ షరతూ లేకుండా బయటికొచ్చాడు. మొత్తం 68 ఏళ్లు.

"వదిలేస్తామంటే వద్దన్నాడా? పిచ్చా?" అన్నాడు మావాడు.

పెరోల్ మీద వస్తే బతికినన్నాళ్లూ అధికారి నిఘాలో ఉండాలి. కండిషనల్ బెయిలు మీద వారం వారం స్టేషన్లో సంతకం పెట్టేవాళ్లను నేను చూశాను. ఒక వారం జ్వరమొచ్చి పోకపోతే వణికిపోయేవాళ్లు. నాకు లిగాన్ పిచ్చివాడిలా అనిపించలేదు.

మన 2015 జువైనల్ జస్టిస్ చట్టం కొంత నయం. పదహారు దాటినవాణ్ణి ఘోరమైన నేరాల్లో పెద్దవాడిలా విచారించవచ్చు గానీ, ఉరి గానీ విడుదలకు ఆస్కారంలేని జీవిత ఖైదు గానీ వేయకూడదు. శిక్ష పూర్తికాకుండానే ఇరవై ఒకటి వస్తే, మారాడా లేదా అని బాలల కోర్టు చూస్తుంది. మారితే షరతుల మీద వదలవచ్చు, మిగిలిన కాలానికి నిఘా పెట్టవచ్చు. జీవిత ఖైదు పడినవాడికి ఆ మిగిలిన కాలం ఎంత? ఆ లెక్క చట్టంలో నాకు కనబడలేదు.